ప్రశ్నలు – జవాబులు: సైలెన్సరు మార్చిన బుల్లెట్టు

ప్రశ్న: అయ్యా, నాది కార్బొరేటరు కాలపు పాత బుల్లెట్టు 350. ఖమ్మములో కంపెనీ సైలెన్సరు తీయించి ఇండోరీ వేయించితిని. నాటి నుండి యాక్సిలరేటరు వదలినప్పుడెల్ల టపటపమని ప్రేలుచున్నది, బెండు పైపు నీలమెక్కినది, పికప్పు తగ్గినది. నాలుగు దినములు నడిపిన అదే సర్దుకొనునని మెకానిక్కు అనుచున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకుడు, కొత్తగూడెము

జవాబు: సర్దుకొనదు, అట్లే నడిపినచో ఎగ్జాస్టు వాల్వు కాలిపోవు ప్రమాదము కలదు. తాను పీల్చు గాలికిని, దహించు పెట్రోలునకును, వెలిబుచ్చు పొగకును నడుమ పొందిక కుదిరియున్నప్పుడే ఇంజను సుఖముగా పనిచేయును గనుక, పొగ వెడలు మార్గమును విశాలము చేసి పెట్రోలు వచ్చు జెట్టును మునుపటి కొలతనే విడిచినచో, మిశ్రమము పలుచనై తాపము పెరుగుట సహజము. పెట్రోలు ఒక పాలునకు తూకమున 14.7 పాళ్ల గాలి సంపూర్ణ దహనమునకు లెక్క. గాలి అంతకు మించినకొలది మీరు వ్రాసిన లక్షణములే పొడసూపును.

అయినను కార్బొరేటరుపై చేయి వేయుటకు పూర్వము, బెండు పైపు సిలిండరు హెడ్డుతో కలియు చోటును పరీక్షింపుడు. పైపు ఊడదీసిన ప్రతిసారియు అచ్చట కొత్త ప్యాకింగు వేయవలసియుండగా, పాతదానినే నొక్కి బిగించుట తరచుగా జరుగుచున్నది. ఆ సందు గుండ బయటి గాలి లోనికి చొచ్చి, మిగిలిన పెట్రోలు ఆవిరిని పైపులోనే అంటించుటయు ఆ ప్రేలుడునకు కారణము కావచ్చును. చల్లని ఇంజను స్టార్టు చేసి కీళ్లపై సబ్బు నీరు రాసినచో, బుడగలు వచ్చిన చోటనే లీకు. బోల్టులన్నియు మొదట వదులుగా పట్టించి, హెడ్డు వద్ద నట్లను మార్చిమార్చి కొంచెము కొంచెముగా బిగించి, పిమ్మట క్లాంపును, కట్టకడపట ఛాసిస్ బ్రాకెట్టును బిగింపవలెను. క్రమము తప్పి పైపును బలవంతముగా లాగి బిగించినచో, కొంతకాలమునకు వెల్డింగు పగులును. ఇంజను ఒకమారు బాగుగా వేడెక్కి పూర్తిగా చల్లారిన పిమ్మట మరల బిగించుట మరువరాదు.

లీకు లేదని తేలిన పిమ్మటనే ట్యూనింగు. యాక్సిలరేటరు మూసినప్పటి ప్రేలుడు పైలట్ జెట్టుకు, మిక్స్చరు స్క్రూకు సంబంధించినది. నడుమ వేగములలో వెనుకంజ నీడిలుకు, పూర్తిగా తిప్పినప్పటి నీరసము మెయిన్ జెట్టుకు సంబంధించినవి. ఒక్కసారి ఒక్కదానినే మార్చి, బండి నడిపి, ప్లగ్గు విప్పి చూడవలెను: తెలుపు పలుచని మిశ్రమమునకు, నల్లని మసి చిక్కని దానికి, లేత గోధుమ వన్నె సరియైన దానికి గుర్తులు. ఇంత శ్రమపడినను, ఈ బండిలో శబ్దము పెరిగినంతగా శక్తి పెరుగదని నా దృఢాభిప్రాయము.

ప్రశ్న: నాది 2021 నాటి బండి. భద్రాచలము దారిలో సైలెన్సరు మార్చి తిరిగిన తప్పా?
— ఒక విద్యార్థి, పాల్వంచ

జవాబు: తప్పే. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్. 6 నియమముల ననుసరించి మీ బండిలో విషవాయువులను శుద్ధి చేయు కన్వర్టరును, ఆక్సిజన్ సెన్సారును అమర్చిరి. కన్వర్టరు లేని గొట్టము తగిలించుట ఆ శుద్ధిని రద్దు చేయుటయే. సెన్సారునకు ముందు చిన్న లీకున్నను అది గాలి యెక్కువైనదని భ్రమించి వృథాగా పెట్రోలు పోయించును. 175 సీసీలకు మించిన మోటారు సైకిళ్లకు తయారీనాటి ధ్వని పరిమితి 80 డెసిబెళ్లు. దానిని మీరినవారికి మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను క్రింద మూడు నెలల వరకు జైలు గాని, పది వేల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

చట్టమున కంటె నాకు బాధ కలిగించు విషయము వేరొకటి. మీ యూరి ప్రక్కనే కిన్నెరసాని అభయారణ్యము. అచ్చటి దుప్పులు, కణుజులు చెవినే నమ్ముకొని ప్రాణము నిలుపుకొనునవి. ఏప్రిల్, మే నెలలలో తునికాకు కోయుటకు వేకువనే అడవి కేగు కూలీలకు సైతము ఆ చెవియే రక్ష. ఆ యెండలలో అడుగడుగున ఎండుటాకు పరచుకొని యుండగా, నిప్పురవ్వలు చిమ్ము గొట్టముతో ఆ దారిని పోవుట మహాపరాధము. కంపెనీ సైలెన్సరే అయినను, వేడి బండిని ఎండుటాకుపై నిలుపకుడు.

ప్రశ్న: విప్పిన కంపెనీ సైలెన్సరును పాత ఇనుము క్రింద అమ్మివేయవచ్చునా?
— మరొకరు, ఖమ్మము

జవాబు: అమ్మకుడు. లోని తేమ ఆరువరకు ఎండనుంచి, ఇంజనాయిలు పలుచగా పూసి, రెండు కొనలను గుడ్డతో మూసి పొడిచోట దాచుడు. కొత్త ప్యాకింగు కొని మరల అదే తగిలించుకొనుడు.