పాత ట్రాక్టరుకు కరెంటు జబ్బులు - కనిపెట్టడం ఎలా?

తెల్లారితే దమ్ము చేయాలి. మడిలో నీళ్లు నిండుగా ఉన్నాయి. సెల్ఫ్ కొడితే ట్రాక్టరు 'టక్'మని ఊరుకుంటుంది. నలుగురూ వచ్చి "బ్యాటరీ పోయింది" అంటారు. అప్పు చేసి కొత్త బ్యాటరీ వేయిస్తే, నెల తిరక్కుండానే మళ్లీ అదే గోల. అసలు జబ్బు చాలాసార్లు బ్యాటరీలో కాదు, తీగల్లో ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ ట్రాక్టరు కొన్న రైతు సోదరులు ఈ కింది పరీక్షలు సొంతంగా చేసుకోవచ్చు.

కావలసినవి: ఒక 12 వోల్టుల చిన్న బల్బు, హోల్డరు, రెండు మూరల తీగలు, స్పానర్లు, గరుకు కాగితం.

ముందుగా హెడ్‌లైట్లు చూడండి

బండిని న్యూట్రల్‌లో ఉంచి, హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీలో చార్జి తక్కువైనా ఉండాలి, టెర్మినళ్లు, ఎర్తు అయినా పాడై ఉండాలి. లైట్లు తగ్గకుండా సెల్ఫ్ మాత్రం తిరగకపోతే కరెంటు సెల్ఫ్‌కు చేరడం లేదన్నమాట. అప్పుడు స్విచ్చి, సాలినాయిడ్, వాటికి వెళ్లే తీగలు చూడాలి.

టెర్మినళ్లు, ఎర్తు

టెర్మినళ్లపై తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి కరెంటుకు అడ్డం. ఎర్తు తీగను ముందు విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. లేకపోతే స్పానరు బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. ఎక్కువ ట్రాక్టర్లలో నెగటివ్ తీగే ఎర్తు. కొన్ని బాగా పాతవాటిలో పాజిటివ్ ఉండవచ్చు, చూసుకోండి. వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, బిగించాక వాజిలిన్ పూయాలి. సోడా నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. దగ్గర్లో బీడీ, చుట్ట వద్దు. బ్యాటరీ నుంచి వచ్చే గ్యాసు భగ్గుమంటుంది.

ఎర్తు తీగ ఛాసిస్‌కు తగిలే చోట తుప్పు, రంగు ఉన్నా సెల్ఫ్ తిరగదు. ఒక మందపాటి కేబులుతో ఎర్తు టెర్మినల్‌ను నేరుగా ఇంజను ఇనుముకు కలిపి సెల్ఫ్ కొట్టండి. తిరిగిందా, దోషం ఎర్తుదే. అక్కడ మెరిసేదాకా గీకి బిగిస్తే చాలు.

రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుంటే

తాళం తీసేసి, ఎర్తు తీగ విప్పి, తీగకూ టెర్మినల్‌కూ మధ్య బల్బు కలపండి. బల్బు వెలగకూడదు. వెలిగితే ఎక్కడో కరెంటు కారుతోంది. ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయండి. ఏది తీసినప్పుడు బల్బు ఆరితే ఆ లైనులోనే తప్పు. ఏ ఫ్యూజు తీసినా ఆరకపోతే డైనమో, సెల్ఫ్ తీగలు మెకానిక్‌కు చూపించాలి.

కొట్టంలో, గడ్డివాము పక్కన నిలిపే బండ్ల తీగలను ఎలుకలు కొరుకుతాయి. కొరికినచోట చుట్టి వదిలేయక, టంకం వేసి తొడుగు ఎక్కించాలి.

ఫ్యూజు బదులు రాగి తీగ వద్దు

"ఫ్యూజు ఊరికే పోతోంది" అని రాగి తీగో, సిగరెట్ కాగితమో పెడుతుంటారు. ఫ్యూజు పోతోందంటే లోపల షార్టు ఉన్నట్లు. రాగి తీగ కరగదు, దాని బదులు వైరింగంతా కాలుతుంది. ట్రాలీలో గడ్డి ఉంటే చెప్పనక్కర్లేదు. కాలిన వాసన వస్తే వెంటనే ఇంజను ఆపి, ఎర్తు తీగ తీసేయాలి.

ట్రాలీ దీపాలు

బ్రేకు తొక్కితే ఇండికేటరు కూడా మిణుకుమంటోందా? ఇది ఎర్తు లేకపోవడమే. తుప్పు పట్టిన కొక్కెం ద్వారా కరెంటు సరిగా తిరిగి రాదు. ట్రాలీకి ప్లగ్గు ద్వారా ఎర్తు తీగ విడిగా లాగండి. రాత్రిపూట ధాన్యం, చెరకు వేసుకుపోయే ట్రాలీకి వెనక ఎర్రదీపం లేకపోతే వెనక వచ్చేవాడికి దగ్గరికి వచ్చేదాకా కనపడదు. మూర తీగకు బద్ధకిస్తే ప్రాణాలే పోవచ్చు.

సెల్ఫ్, డైనమో విప్పే పని మాత్రం మెకానిక్‌కే వదలండి. అయితే జబ్బు ఎక్కడుందో మీరే చెప్పగలిగితే అనవసరపు ఖర్చు తప్పుతుంది.