ఫ్లెక్సీకి ముందు ఫైలు చూడు

కోవిల్‌పట్టి

చి. అమ్మణ్ణికి చిన్నతాత ఆశీస్సులు.

పాఠాలు చెప్పడంతో పాటు కాలేజీ ప్రచారం పని కూడా నీకే అప్పగించారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. విరుదునగర్ బస్టాండు దగ్గర కట్టే ఫ్లెక్సీ మొదలుకొని కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ వాళ్లకు చూపించే ఫైళ్ల దాకా అన్నీ నీ చేతి మీదుగానే పోవాలట. సంతోషం. కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటుగా జుట్టు నెరిసినవాణ్ణి, నాలుగు మాటలు చెప్పకుండా ఊరుకోలేను.

కాలేజీ పేరు మేనేజ్‌మెంటు సొత్తని చాలామంది అనుకుంటారు. కరస్పాండెంటు మారతాడు, ప్రిన్సిపాల్ రిటైరవుతాడు, రేపు నువ్వూ ఇంకో చోటికి పోతావు. సర్టిఫికెట్ పట్టుకుని బయటికి పోయిన పిల్లలు మాత్రం ఆ పేరు చచ్చేదాకా మోయాల్సిందే. మన ఊరి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ పేరు ఏ ఒక్క అంగడిదీ కాదు. ఒకడు ముక్కిపోయిన వేరుశనగ పప్పు వేసి పాకం పడితే బజారు మొత్తానికీ మాట వస్తుంది. అందుకని నువ్వు ఏ కాగితం రాసినా పాత విద్యార్థి కళ్లతో ఒకసారి చదువు.

ఆఫీసుకు తరచూ వచ్చే ఒక ఉత్తరం సంగతి చెబుతాను. మన దగ్గర చదివినవాడికి చెన్నైలోనో దుబాయ్‌లోనో ఉద్యోగం వస్తుంది. ఇతను మీ దగ్గరే చదివాడా, ఈ కాగితాలు నిజమైనవేనా అని ఆ కంపెనీవాళ్లు జిరాక్సులు జతచేసి రాస్తారు. పాత రిజిస్టర్ దించి, దుమ్ము దులిపి, నంబరూ సంవత్సరమూ సరిచూసి, ముద్ర కొట్టి, ప్రిన్సిపాల్ సంతకం చేయించి పంపాలి. పట్టుమని పది నిమిషాల పని. అదే ట్రేలో అడుగున పడి మూడు వారాలు ఉందనుకో, అక్కడ వాడి ఉద్యోగం వేలాడుతుంది. ఆ కుర్రాడు ఇక తన చెల్లెల్ని మన కాలేజీ గడప తొక్కనిస్తాడా? మంచికైనా చెడుకైనా నీ ఫేస్‌బుక్ పోస్టుల కంటే ఆ ట్రే చేసే ప్రచారమే ఎక్కువ. ఫీజు బాకీ ఉందని ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేయడం ఇంకో జబ్బు. అలా అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2016లోనే చెప్పింది. మీ బీరువాలో ఎన్ని మగ్గుతున్నాయో ముందు చూసిరా, ఆ తర్వాత ఫ్లెక్సీ సంగతి ఆలోచించు.

ఫ్లెక్సీ మీద ‘100 శాతం ప్లేస్‌మెంట్’ అని వేయమంటారు, చూస్తుండు. ఎవరిలో 100 శాతం అని అడుగు. ఫైనలియర్ పిల్లలందరిలోనా, ఇంటర్వ్యూకి కూర్చోనిచ్చినవాళ్లలోనా? ఒకే పిల్లకు మూడు కంపెనీల ఆఫర్లు వస్తే ముగ్గురిగా లెక్క కట్టారా? పేర్ల జాబితా చేతికి రాకుండా అంకె వేయకు.

అంకెలతో ఆటలాడితే ఏమవుతుందో 2024 జూలైలో మన తమిళనాడంతా చూసింది. ఒకే అధ్యాపకుణ్ణి అదే సమయంలో ఎన్నో ఇంజనీరింగ్ కాలేజీల్లో పనిచేస్తున్నట్టు చూపించి అన్నా యూనివర్సిటీ అనుబంధం తెచ్చుకున్నారని అవినీతి మీద పోరాడే అరప్పోర్ ఇయక్కం అనే సంస్థ బయటపెట్టింది. 224 కాలేజీల పేర్లు అందులో ఉన్నాయి. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆంధ్రలోని వడ్డేశ్వరం కేఎల్ యూనివర్సిటీకి మంచి గ్రేడు ఇప్పించడానికి లంచాలు చేతులు మారాయని సీబీఐ కేసు పెట్టి, నాక్ తనిఖీ బృందం ఛైర్మన్‌తో సహా పదిమందిని అరెస్టు చేసింది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. ఈలోగా అక్కడ నిజాయతీగా చదివి ప్యాసైన పిల్లలు ఇంటర్వ్యూల్లో ఏం జవాబు చెప్పుకోవాలి?

అమెరికాలోనూ ఇదే యావ. 2022లో కొలంబియా యూనివర్సిటీలో మైకేల్ థాడియస్ అనే గణితం ప్రొఫెసరు, ఒక పత్రిక ఇచ్చే ర్యాంకు కోసం తన యూనివర్సిటీయే పంపిన అంకెలు పొంతన లేకుండా ఉన్నాయని లెక్క కట్టి చూపించాడు. కొన్ని తప్పేనని ఆ సెప్టెంబరులో యూనివర్సిటీ ఒప్పుకుంది. ర్యాంకు 2 నుంచి 18కి జారింది. అయితేనేం, కొలంబియా మూతపడలేదు.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతున్నాను. మీకు అంత దూరం కాని అరుప్పుకోట్టైలో, 2018 ఏప్రిల్లో, దేవాంగ ఆర్ట్స్ కాలేజీ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకావిడ తన విద్యార్థినులతో ఫోన్లో మాట్లాడిన మాటలు బయటికి వచ్చాయి. మార్కులూ డబ్బూ ఆశ చూపి, యూనివర్సిటీ పెద్దల దగ్గరికి పొమ్మన్న మాటలవి. యూనివర్సిటీ అంటే విరుదునగర్ బిడ్డ కామరాజర్ పేరు పెట్టుకున్న మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం. గవర్నరు విచారణ వేశాడు, సీబీ-సీఐడీ దిగింది. 2024 ఏప్రిల్ 30న శ్రీవిల్లిపుత్తూరు కోర్టు ఆవిడకు పదేళ్ల జైలు వేసింది. కేసులో ఉన్న మిగతా ఇద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు.

ఆ ఆడియో బయటికి రాకుండా ఉంటే రెండు సంస్థల పరువూ దక్కేదని టీకొట్ల దగ్గర అన్నవాళ్లను నేనే విన్నాను. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు ఫోన్లో కుదరదని చెప్పిన ఆ ఆడపిల్లలే ఆ కాలేజీకి మిగిలిన పరువు. అలాంటి ఫిర్యాదు రేపు మీ కాలేజీలోనూ రావచ్చు. అప్పుడు నిన్ను పిలిచి, “పేపర్లోకి రాకుండా చూడమ్మా, కాలేజీ పేరు పోతుంది” అంటారు. పేరు చూసుకునే పని నీదే కనుక నిన్నే అంటారు. ఆ మాటకు తలూపకు. ఫిర్యాదును అంతర్గత కమిటీ ముందు పెట్టాలనీ, విచారణ 90 రోజుల్లో ముగించాలనీ యూజీసీ 2015 నిబంధనలే చెబుతున్నాయి. ఆ కమిటీ సభ్యుల పేర్లూ ఫోన్ నంబర్లూ లేడీస్ హాస్టల్ నోటీసుబోర్డు మీద ఉన్నాయో లేదో ఈ వారమే చూడు. ఉండీ అందులో ఇద్దరు ఎప్పుడో రిటైరై పోయి ఉంటే, లేనట్టే లెక్క.

మరి ప్రచారమే వద్దా అంటావు. చెయ్, చెప్పుకోదగ్గది ఉంటే. మన పక్కనే ఇడైసేవల్‌లో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ గారు ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడినవారు, హైస్కూలు చదువైనా పూర్తి చేయనివారు. జానపద కథల్లో ఆయనకున్న పట్టు చూసి పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి ప్రొఫెసర్‌ని చేసింది. డిగ్రీ లేని మనిషికి ఆ పీట వేసిన యూనివర్సిటీ అంటే ఈ కరిసల్ (నల్లరేగడి) నేలలో ఇప్పటికీ మర్యాదే. మీ కాలేజీలోనూ ఎవరో ఒకరు ఉంటారు. పత్తి పురుగు మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న బాటనీ మేడమో, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయే పిల్లలకు సాయంత్రం ఉచితంగా లెక్కలు చెప్పే అటెండరో. వెతికి పట్టుకుని వాళ్ల గురించి రాయి.

ఇక ఒక ఆఫీసు జాగ్రత్త. తప్పుడు అంకె వేయమని ఎవరైనా నోటిమాటగా చెబితే, వివరం రాతలో ఇప్పించమని వినయంగా అడుగు. ఇవ్వకపోతే, నీ అభ్యంతరం నువ్వే ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, ఇన్‌వార్డులో నంబరు వేయించి, ఒక కాపీ ఇంటికి తెచ్చుకో. దాచే చోటు లేకపోతే నాకు పంపు, నా బీరువాలో ఖాళీ ఉంది.

ఇట్లు,
మీ చిన్నతాత