ముందు పిక్కల లెక్క, తర్వాత దరఖాస్తు

టెక్కలి నుంచి మా మేనల్లుడు వచ్చాడు. మెకానికల్ బీటెక్ అయింది. పేరులో ఫైనాన్స్ ఉన్న కోర్సులు పదకొండు ఒక కాగితం మీద రాసుకొచ్చాడు. ఎంబీఏ, ఎమ్మెస్సీ, ఎంఏ అన్నీ కలిపేశాడు. "ఏ కోర్సయితే ఏటి మావయ్యా, ఫైనాన్స్ అని ఉంటే సాల్దా?" అన్నాడు.

చాలదు. కాగితం పక్కన పెట్టించి పలాస లెక్కలు రెండు అడిగాను. జీడి వ్యాపారి వేసవిలో ఉద్దానం రైతుల దగ్గర పిక్కలు కొంటాడు, బస్తా 80 కిలోలు. ఎండబెట్టి, గోదాములో పెట్టి, నెలల తరబడి కొట్టించి పప్పు అమ్ముతాడు. డబ్బు వేసవిలోనే పోతుంది, తిరిగి రావడం దీపావళి దాకా సాగుతుంది. ఇతనికి బ్యాంకు ఎంత అప్పివ్వాలి, ఎన్నాళ్లకివ్వాలి? ఇదొకటి. ఇక్కడి పంట చాలక ఆఫ్రికా పిక్కలు తెప్పించుకుంటాడు, ఈలోగా డాలరు పెరుగుతుంది. ఆ దెబ్బ తగలకుండా ముందే ఏం చేసుకోవాలి? ఇది రెండోది.

వాడు రెండోదాని మీదే పడ్డాడు. "లక్ష డాలర్ల సరుక్కి, డాలరు రెండు రూపాయలు పెరిగితే రెండు లక్షలు పోయినట్టే" అంటూ కాగితం వెనక్కి తిప్పి లెక్క మొదలెట్టాడు. కోర్సు ఎంపిక సగం అక్కడే అయిపోయింది.

మొదటి లెక్క మీద మనసు పోయేవారికి ఎంబీఏ ఫైనాన్స్ సరిపోతుంది. అందులో మొదటి ఏడాది మార్కెటింగ్, హెచ్ఆర్ కూడా చదవాలి. నవంబరు చివర్లో జరిగే క్యాట్ రాస్తే 2015లో మొదలైన విశాఖ ఐఐఎం మనకు దగ్గర. రెండో లెక్క లాగేవారు క్వాంటిటేటివ్ ఫైనాన్స్ చూడాలి. చెన్నైలోని మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అలాంటి కోర్సు ఉంది. పాస్ మార్కులతో గట్టెక్కిన ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ పుస్తకం అటకమీంచి దించక తప్పదు.

కామర్స్ రాదన్న భయం మన పిల్లల్లో చాలా ఎక్కువ. అది నాకు బాధగా ఉంటుంది. పార్వతీపురంలో సబ్ కలెక్టరుగా ఉద్యోగం మొదలుపెట్టిన దువ్వూరి సుబ్బారావు గారు చదివింది భౌతికశాస్త్రం. అర్థశాస్త్రం ఆ తర్వాత నేర్చుకుని 2008లో రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ అయ్యారు. జర్నల్, లెడ్జర్, బ్యాలెన్స్ షీట్ రెండు మూడు నెలల పని. భోగాపురం విమానాశ్రయాన్ని చేపట్టిన జీఎంఆర్ వార్షిక నివేదిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అప్పుల పేజీలు నిదానంగా చదవండి. విసుగు రాకపోతే ఈ దారి మీదే.

ఇక డబ్బు సంగతి. పది లక్షల అప్పు, పది శాతం వడ్డీ, పదేళ్ల గడువు అయితే నెలకి 13,200 రూపాయలకు పైనే కట్టాలి. అందుకే ప్లేస్‌మెంట్ నివేదికలో సగటు జీతం చూసి మురిసిపోకండి. మధ్యగతం (మీడియన్) ఎంతో అడగండి. ఫైనాన్స్ పనిలో ఎందరు చేరారు, ఖాతాలు, బీమా పాలసీలు అమ్మే సేల్స్‌లో ఎందరు చేరారు అని రెండేళ్ల కిందట అక్కడ చదివి బయటికొచ్చిన వాళ్లని అడగండి. జవాబు దాటేసే కాలేజీని కొట్టేయండి. ఆ కాలేజీ పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోండి. ఉంటే హామీ, తాకట్టు లేకుండా రుణానికి వీలుంటుంది. నాన్న పొలం కాగితాలు బీరువాలోనే ఉంటాయి.

సాయంత్రానికి పదకొండులో నాలుగు మిగిలాయి. ఆదివారం పలాసలో నా స్నేహితుడి జీడి ఫ్యాక్టరీకి వెళ్లి పద్దులు చూస్తానన్నాడు.