సందేహాలు – సమాధానాలు: చక్రం నేల మీద ఉన్నప్పుడే బుష్షు బిగించాలి

ప్రశ్న: మాది కోనసీమలో కాలువ గట్టు మీద ఊరండీ. స్విఫ్ట్ కారు, 90 వేల కిలోమీటర్లు తిరిగింది. గతుకు పడితే ముందు ఎడమ పక్క టక్కుమంటోంది. లోయర్ ఆర్మ్ బుష్షులు పోయాయంటున్నారు. ఆరు నెలల కిందటే కొత్తవి వేయించాను. సామాను ఉంది కాబట్టి ఈసారి ఇంటి దగ్గర నేనే మార్చుకుందామనుకుంటున్నాను. చెయ్యొచ్చా?
– ముక్తేశ్వరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ ఆరు నెలల సంగతి చూద్దాం. మంచి బుష్షు అంత త్వరగా పోదు. నాసిరకం సరుకైనా అయి ఉండాలి, చక్రం గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగించేసైనా ఉండాలి. నేను ఎక్కువగా చూసింది రెండోదే.

బుష్షంటే ఒక గొట్టంలో ఇంకో గొట్టం, మధ్యలో రెంటికీ అతుక్కుపోయిన రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బండికి పట్టుకుపోతుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో కదులుతుంది. చక్రం లేచి దిగినప్పుడల్లా ఇక్కడ ఏదీ జారదు. రబ్బరే మెలి తిరిగి, మళ్ళీ సర్దుకుంటుంది. జాకీ మీద చక్రం కిందికి వేలాడుతున్నప్పుడు బిగించారనుకోండి, రబ్బరుకి అదే అసలు స్థానమైపోతుంది. బండి నేలకు దించగానే మెలి పడుతుంది. కారు కొబ్బరి చెట్టు కింద ఊరికే నిలబడి ఉన్నా ఆ మెలి విడదు. దాని మీద మన గట్టు రోడ్డు గతుకులు కూడా పడితే ఎంతకాలం ఆగుతుంది?

పని నేర్చుకునే రోజుల్లో నేనూ అలాగే బిగించాను. దసరాకి వేసిన బుష్షు సంక్రాంతి లోపే తిరిగొచ్చింది. విప్పి చూస్తే రబ్బరు కొత్తదానిలా నల్లగా మెరుస్తోంది, లోపలి గొట్టం పక్కన మాత్రం నెలవంకలా చిరిగి ఉంది. గోరు పెడితే లోపలికి దిగిపోయింది. సరుకుది కాదు, నా చేతిదే తప్పని ఆ చిరుగు చూశాకే తెలిసింది.

అందుకని బోల్టులు ముందు చేత్తో తిరిగినంత వరకే ఎక్కించండి. బండి దించి, రెండడుగులు ముందుకీ వెనక్కీ తోసి, బానెట్ మీద నాలుగుసార్లు నొక్కండి. అప్పుడు టార్క్ రెంచ్‌తో, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న కొలతకి బిగించండి. చెయ్యి దూరకపోతే రెండు ముందు చక్రాలనూ ఒకే మందం ఉన్న దిట్టమైన పలకల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకి అడ్డు పెట్టి, ఆ తర్వాత కిందికి దూరండి.

ఇక ఇంట్లో చెయ్యడం సంగతి. ఆర్మ్ విప్పడం, ఎక్కించడం మీరు చెయ్యగలరు. బుష్షు తీసి కొత్తది దించడం మాత్రం ప్రెస్ ఉన్న షాపులో చేయించండి. సుత్తితో కొడితే ఆర్మ్ కన్ను సాగిపోతుంది, తర్వాత ఏ బుష్షు వేసినా వదులే. కొన్ని బుష్షుల రబ్బరులో ఖాళీలు ఉంటాయి, అవి ఏ వైపు ఉండాలో లెక్క ఉంది. పాతది తియ్యకముందే ఆర్మ్ మీద సుద్దతో గుర్తు పెట్టండి. బాల్ జాయింట్ కూడా ఊగుతుంటే బుష్షులూ బాల్ జాయింటూ బిగించి వచ్చే పూర్తి ఆర్మే కొనడం మేలు. పనయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పదు. చూపించకపోతే టైరు ఓ పక్కే అరిగిపోతుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. మనది ఒండ్రు నేల, నాలుగు చినుకులు పడితే మెత్తబడిపోతుంది. మట్టి వాకిట్లో జాకీ పెట్టకండి. సిమెంటు చప్టా మీదే పని చెయ్యండి. జాకీతో లేపి, బరువు స్టాండ్ల మీదికి దించాకే కిందికి వెళ్ళండి. ఇటుకలూ కొబ్బరి దుంగలూ స్టాండ్లు కావు.

ప్రశ్న: రోజూ రొయ్యల బళ్ళ వెనకే ప్రయాణం, రోడ్డంతా ఉప్పునీళ్ళు. నట్టు ఊడింది కానీ బోల్టు బుష్షులోంచి రావడం లేదు.
– భీమవరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: బోల్టు లోపలి గొట్టంతో కలిసి తుప్పు పట్టింది. వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలెయ్యండి. ఆ బుష్షు ఎలాగూ పారేసేదే కాబట్టి నూనె తగిలినా చింత లేదు. కొట్టాల్సి వస్తే నట్టుని బోల్టు అంచుదాకా తిప్పి ఉంచి కొట్టండి, లేకపోతే మరలు చితికిపోతాయి. గ్యాస్ మంట మాత్రం ఇంట్లో పెట్టకండి. పక్కనే బ్రేక్ గొట్టాలు ఉంటాయి. తిరిగి వేసేది కొత్త బోల్టే అయి ఉండాలి.

ప్రశ్న: మా నాన్నగారు అంబాసిడర్‌కి గ్రీజు గన్‌తో గ్రీజు పట్టించేవారు. ఇప్పటి కారు కిర్రుమంటే బుష్షులకి గ్రీజు రాయకూడదా?
– రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: రాయకండమ్మా. ఆయన గ్రీజు పట్టించింది ఇనుము మీద ఇనుము తిరిగే చోట, దానికి నిపుల్సే ఉండేవి. ఇక్కడ తిరిగేదేమీ లేదు. మామూలు గ్రీజూ డీజిలూ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. ఆ కిర్రు చాలాసార్లు స్టెబిలైజర్ బార్ డి బుష్షుది. బార్ చేతికి అందే బండైతే అది మీరే మార్చుకోవచ్చు. రెండు పక్కలా జత మార్చండి. బార్ మట్టి తుడిచి, సబ్బు నీళ్ళు రాసి కొత్తది ఎక్కించండి. బుష్షుకి ఉన్న చీలిక పాతదానికి ఎటు ఉందో కొత్తదానికీ అటే ఉండాలి. విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.