కప్పు మార్చాలా, మరమ్మతు చాలా?

వానలు పడుతున్నాయి కాబట్టి ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఇంటి కప్పు గురించే. చాలామంది అప్పటికే పడగొట్టడానికి సిద్ధపడి రాశారు. కాస్త ఆగండి.

? మా ఇల్లు సముద్రానికి దగ్గర. మామగారు 1991లో స్లాబు వేయించారు. మొన్న పడకగదిలో ఫ్యాను పక్కనుంచి చాటంత పెచ్చు ఊడిపడింది. లోపల ఊచలు ఎర్రగా కనిపిస్తున్నాయి. ఆ సమయానికి మంచం మీద ఎవరూ లేరు. అప్పట్నుంచి నిద్ర లేదు. స్లాబంతా తీసేయాలా?
- ఒక గృహిణి, కాకినాడ

జ: ముందు మంచం పక్కగదిలోకి మార్చుకుని నిశ్చింతగా పడుకోండమ్మా. పెచ్చు ఊడినంత మాత్రాన స్లాబు కూలిపోదు. ఊడింది ఊచలకు కింద కవచంలా ఉండే ముప్పాతిక అంగుళం పొర. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఆ ఉప్పు కాంక్రీటులోకి ఇంకి ఊచలను చేరుతుంది. తుప్పుకు అసలు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు కావాలి, ఆ ఒత్తిడికి కింది పొర పగిలి రాలుతుంది. ఇంజనీర్లు దీన్ని స్పాలింగ్ అంటారు. ముప్పై ఏళ్లు దాటిన తీరప్రాంతపు ఇళ్లలో ఇది తరచూ కనిపించేదే.

ఇప్పుడు తేల్చుకోవాల్సింది మిగతా స్లాబు సంగతి. మేస్త్రిని పిలిచి, తలకు హెల్మెట్ పెట్టించి, చిన్న సుత్తితో గదంతా తట్టించండి. ఖణేల్‌మంటే గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే లోపల పొర విడిపోయినట్టు, అక్కడ సుద్దతో గుండ్రంగా గీయించండి. గీతలు రెండు మూడు చోట్లకే పరిమితమై, ఊచలు సన్నబడకుండా ఉంటే మరమ్మతు చాలు. వదులైన కాంక్రీటును ఊచ వెనకదాకా చెక్కాలి, తుప్పును వైరు బ్రష్షుతో రుద్ది వదిలించాలి, తుప్పు పట్టనివ్వని పూత పూయాలి, ఆపైన పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పూడ్చాలి. ఇవన్నీ ఎగ్గొట్టి సిమెంటు, ఇసుక కలిపి మెత్తేస్తానన్న మేస్త్రిని మర్యాదగా పంపించేయండి. లోపలి తుప్పు దాన్నీ తోసేస్తుంది.

ఊచ లావులో పావు వంతు తుప్పు తినేసినా, గదిలో సగానికి పైగా డొల్ల మోగినా, స్లాబు కిందికి వంగినా సంగతి వేరు. వంపు తెలియాలంటే ఈ గోడ నుంచి ఆ గోడకు స్లాబు కింద దారం బిగించి చూడండి. పన్నెండడుగుల గదిలో అర అంగుళం దాకా వంపు ఉన్నా కంగారు పడక్కర్లేదు. అంతకు మించి కిందికి దిగితే ఆరోజే జాకీలు పెట్టించి, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. అప్పుడు కూడా మార్చాల్సింది బహుశా ఆ గది స్లాబే, ఇల్లంతా కాదు.

? ఎనిమిదేళ్ల క్రితం కట్టుకున్న డాబా. హాలు సీలింగ్‌లో గోధుమరంగు మరక, వెంట్రుకంత పగుళ్లు. వాన పడితే మరక పెద్దదవుతోంది. స్లాబే పాడైందని ఒకరు భయపెట్టారు.
- ఒక పాఠకుడు, వరంగల్

జ: పాపం, ఎనిమిదేళ్ల స్లాబు మీద అంత నింద వేయకండి! వెంట్రుకంత పగుళ్లు దాదాపు ప్రతి స్లాబులోనూ ఉంటాయి. నీళ్లు ఎక్కువగా దిగేది పిట్టగోడ మొదట్లోంచి, నీళ్లు పోయే గొట్టం చుట్టూ, ట్యాంకు దిమ్మె కింద నుంచి. మరక ఎండాకాలంలోనూ తడిగా ఉంటే అది వాన కాదు, పైపు. వాన తెరిపిచ్చాక డాబా మీది గొట్టాలు మూసి, అంగుళం లోతున నీళ్లు ఒక పగలూ రాత్రీ నిలబెడితే కారే చోటు బయటపడుతుంది. పై కాకినాడ ఇంటి లాంటి స్లాబు మీద మాత్రం ఈ పరీక్ష చేయకూడదు. చోటు దొరికాక దాన్ని పూడ్చి, డాబాకు వాటర్‌ప్రూఫింగ్ చేయించండి, వాలు సరిచేయించండి. పగులు నాణెం అంచు దూరేంత వెడల్పు అయినా, నెలనెలా పెరుగుతున్నా అప్పుడు ఇంజనీరుకు చూపించండి.

? తాతల నాటి బెంగుళూరు పెంకుటిల్లు. కోతులు పెంకులు కదిపేస్తున్నాయి, మూడు వాసాలకు చెదలు పట్టాయి. అవే గోడల మీద స్లాబు వేసేద్దామని తమ్ముడంటున్నాడు. నాకు ధైర్యం చాలడం లేదు.
- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, అమలాపురం

జ: మీ సందేహం సరైనదే మాస్టారూ, తమ్ముడిని ఆపండి. అయిదంగుళాల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది. పెంకులు, వాసాలు అన్నీ కలిపినా 100 కిలోల లోపే. మీ గోడలు మట్టితో పేర్చిన ఇటుక గోడలైతే అంత బరువు వాటి మీద పెట్టకూడదు.

స్క్రూడ్రైవర్ మొనతో ప్రతి వాసాన్నీ, ముఖ్యంగా గోడలో దూరిన కొసల్నీ గుచ్చి చూడండి. మొన సులువుగా దిగినవి మార్చండి, దిగనివి మరో తరం చూస్తాయి. కొత్తవి వేసేటప్పుడు చెదలమందు మర్చిపోవద్దు. వీధిలోకి వెళ్లి నిలబడి చూసినప్పుడు ఇంటి నడికొప్పు తిన్నగా కాక ఉయ్యాలలా కుంగి కనిపిస్తే వెన్నుదూలం దెబ్బతిన్నట్టు. అప్పుడు పైకప్పు కర్ర మొత్తం విప్పించాల్సిందే. అప్పుడైనా పాత పెంకుల్లో మంచివి ఏరి పక్కన పెట్టండి, కాలిన మన్ను అంత తేలిగ్గా పాడవదు. కోతులకు నా దగ్గర మందు లేదు.

? మాది మట్టిమిద్దె. ఏటా చవుడు పోయించే ఓపిక లేదు. పైన సిమెంటు పరిపిస్తే పీడా పోతుందా?
- ఒక రైతు, అనంతపురం జిల్లా

జ: కారుతోందంటే మిద్దె అయిపోయిందని కాదు, దిగులు పడకండి. చవుడు తడిసి ఉబ్బితే సందులు మూసుకుంటాయి, ఎండితే కుదించుకుంటుంది. సిమెంటు ఆ కదలికను తట్టుకోలేక పగులుతుంది, దిగిన నీళ్లకు ఆరే దారి ఉండదు, దూలాలు లోపల్లోపలే చివికిపోతాయి. ఏళ్లుగా పేరుకున్న పాత మట్టిని ముందు దించండి, సగం బరువు అక్కడే ఉంటుంది. బండల్నీ దూలాల్నీ చూసుకుని, పలచగా కొత్త చవుడు పరవండి. దూలం వంగినా, బండ నడిమికి చీలినా, సందుల్లోంచి మట్టి ఆగకుండా రాలుతున్నా ముసురు పట్టిన రాత్రుల్లో ఆ మిద్దె కింద పడుకోవద్దు. తడిసిన మట్టి బరువు చాలా ఎక్కువ.

? మా సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుందని, క్యాన్సర్ వస్తుందని విన్నాను. పిల్లలున్న ఇల్లు. రేపే తీయించేయనా?
- ఒక తల్లి, కరీంనగర్

జ: హడావిడిగా తీయించడమే ఎక్కువ ప్రమాదం. హాని చేసేది రేకు కాదు, అది పగిలినప్పుడు, కోసినప్పుడు లేచే సన్నటి పీచు ధూళి. చెక్కుచెదరని రేకులో ఆ పీచు సిమెంటులో బిగుసుకుని ఉంటుంది. కాబట్టి రంధ్రాలు వేయకండి, నాచును వైరు బ్రష్షుతో పొడిగా రుద్దకండి. అంచులు పిండిలా రాలుతున్నా, పగుళ్లు పెరిగినా మార్చండి. మార్చే రోజు పిల్లల్ని ఇంకో ఇంటికి పంపి, రేకుల్ని బాగా తడిపించి, పగలగొట్టకుండా నిండు రేకులుగా దింపించండి. దింపేవాళ్లకు మంచి మాస్కులు ఇవ్వండి, వాళ్లకూ పిల్లలుంటారు.

? జింకు రేకుల ఇల్లు. రాత్రిపూట పైన టప్ టప్ మని చప్పుడు. కప్పు ఊడుతోందా?
- ఒక విద్యార్థిని, ఒంగోలు

జ: లేదమ్మా. పగలు ఎండకు సాగిన రేకు రాత్రి చల్లబడి కుదించుకునే చప్పుడది. గాలి వీచినప్పుడు రేకు పైకి లేచి కొట్టుకుంటుంటే మాత్రం హుక్కుల నట్లు బిగించి, వాటి కింది వాషర్లు మార్పించండి.

? టాప్ ఫ్లోర్‌లో ఫ్లాటు కొని మూడేళ్లయింది. పడకగది కారుతోంది. మీ ఇంటి కప్పు మీరే చేయించుకోండని అసోసియేషన్ అంటోంది.
- ఒక ఉద్యోగిని, హైదరాబాద్

జ: ఇంతలోనే మీ పర్సు తీయకండి. టెర్రస్ అందరి ఉమ్మడి ఆస్తి, మీ ఒక్కరి కప్పు కాదు. పైగా 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు స్వాధీనం చేసిన అయిదేళ్ల లోపు కట్టడంలో లోపాలు, పనితనంలో లోపాలు బయటపడితే తెలియజేసిన 30 రోజుల్లో బిల్డరు ఉచితంగా సరిచేయాలి. తేదీ కనిపించేలా ఫొటోలు తీసి, రాతపూర్వకంగా ఇవ్వండి. కొన్నప్పుడే స్వాధీనం చేసి ఉంటే మీకింకా రెండేళ్ల గడువుంది.

? ఇక్కడ వడగళ్ల వాన పడింది. మర్నాడే ఒక కాంట్రాక్టరు తలుపు తట్టి, రూఫంతా పోయింది, ఇన్సూరెన్సులో కొత్తది వేయిస్తాను, మీ వాటా డిడక్టిబుల్ కూడా నేనే చూసుకుంటాను అంటున్నాడు. సంతకం పెట్టమంటారా?
- ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డాలస్

జ: పెట్టకండి. ఇల్లు కారనంత వరకూ నాలుగు రోజులు ఆగితే మునిగిపోయేది లేదు. డిడక్టిబుల్ మాఫీ చేస్తాననడం టెక్సాస్‌లో చట్టవిరుద్ధం, 2019 సెప్టెంబరు నుంచి ఆ చట్టం అమల్లో ఉంది. తారు షింగిల్స్ నుంచి కాస్త ఇసుక గట్టర్లోకి రాలడం మామూలే. వేలితో నొక్కితే మెత్తగా దిగే గుంటలుంటేనే దెబ్బ తగిలినట్టు, అవి ఒకే వాలులో ఉంటే ఆ వాలు వరకూ బాగుచేయించుకోవచ్చు. పాలసీ తీసి వడగళ్ల డిడక్టిబుల్ ఎంతో చూడండి. అయిదు లక్షల డాలర్లకు బీమా ఉండి, అది 2 శాతమైతే మొదటి పదివేలు మీవే. చిన్న మరమ్మతు అంతకంటే తక్కువకే అవుతుంటే క్లెయిము జోలికే వెళ్లక్కర్లేదు.