చొక్కా విప్పించి చూడు

చి॥ అమ్ములుకు,

ఏరియా ఆసుపత్రిలో క్యాజువాల్టీ డ్యూటీ మొదలుపెట్టావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. పాముకాటుకీ పురుగుమందుకీ నా సలహా నీకక్కర్లేదు, ఇప్పటి వైద్యం నాకంటే నీకే బాగా తెలుసు. నేను రాసేది ఇంకో రకం పేషెంటు గురించి. అతను తనంతట తను రాడు. చెరోపక్కా కానిస్టేబుళ్లు పట్టుకుని తీసుకొస్తారు. "ఏం లేదు మేడమ్, రిమాండుకి ఫిట్ అని రాసిస్తే చాలు, మేజిస్ట్రేటు గారి టైమైపోతోంది" అంటారు. బెదిరించరు. మర్యాదగా అడుగుతారు, టీ కూడా తెప్పిస్తారు. చిక్కంతా ఆ మర్యాదతోనే.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నేనూ అలాగే రాసిచ్చాను. ఏ ఊరో, ఏ స్టేషనో ఇప్పుడెందుకులే. సైకిళ్ల దొంగతనం కేసు, ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు. నిలబడే ఉన్నాడు, పేరడిగితే చెప్పాడు, నాడి బావుంది. బయట ఓపీ జనం గోల. "పైకి గాయాలేమీ లేవు" అని రాసి సంతకం పెట్టేశాను. చొక్కా విప్పించలేదు. నాలుగో రోజు వాణ్ణే జైలు నుంచి మా వార్డుకి తెచ్చారు. మొహం ఉబ్బిపోయింది. రోజు మొత్తానికి అరగ్లాసు మూత్రం, అదీ డికాషన్ రంగులో. అప్పుడు విప్పి చూస్తే వీపంతా, పిర్రలంతా జంట గీతల వాతలు. పెద్దాసుపత్రికి పంపించాం. తర్వాత ఏమయ్యాడో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ జంట గీతల సంగతి నువ్వు నారాయణరెడ్డి గారి ఫోరెన్సిక్ పుస్తకంలో చదివే ఉంటావు. లాఠీ పడ్డచోట మధ్యలో పాలిపోయి, రెండు అంచులా రక్తం పేరుకుని రైలుపట్టాల్లా కనిపిస్తుంది. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న, చొక్కా విప్పించకపోతే మాత్రం కనిపించదు.

కాబట్టి ముందు కానిస్టేబుళ్లని మాట వినపడనంత దూరం పంపు. పారిపోతాడంటే తలుపవతల, కిటికీ అవతల నిలబడమను. ఆ తర్వాత తల నుంచి అరికాలు దాకా చూడు. అరికాళ్ల మీద కొడితే పైకి ఏమీ తెలియకపోవచ్చు. నాలుగడుగులు నడిపించు, పాదం పూర్తిగా ఆనించలేడు. మూత్రం ఏ రంగులో వస్తోందో అడుగు. నలిగిన కండల్లోంచి వచ్చే పదార్థం కిడ్నీల్ని పాడుచేస్తుంది, ఒక్క ఎముకా విరక్కుండానే ప్రాణం పోవచ్చు. నేను ఆ ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఆ పిల్లాణ్ణి మొదటిరోజే సెలైన్ మీద పెట్టేవాణ్ణి.

గాయాన్ని టేపుతో కొలిచి, ఎక్కడ, ఎంత పొడవు, ఏ రంగు అని రాయి. రంగు ముఖ్యం. "నిన్న రాత్రి అరెస్టు చేశాం" అని వాళ్ల కాయితంలో ఉంటుంది. కమిలిన చోటేమో అప్పటికే పచ్చబడి పసుపు తిరుగుతూ ఉంటుంది. అంటే ఆ దెబ్బ అరెస్టుకి ముందుదే, మరి అప్పుడు ఎక్కడున్నాడో అతన్నే అడిగి రాయి. ఇన్ని గంటల కిందటిదని మాత్రం తెగేసి చెప్పకు, రంగులు మనిషిని బట్టి మారతాయి. "బాత్రూంలో జారిపడ్డాడు" అని వాళ్లంటే అదీ రాయి, అతను చెప్పిందీ అతని మాటల్లోనే రాయి. కింద, గాయం ఏ కథనానికి ఎంతవరకు సరిపోతోందో నీ అభిప్రాయం రాయి. చిత్రహింసల ఆనవాళ్లని ఎలా నమోదు చెయ్యాలో చెబుతూ 1999లో ఐక్యరాజ్యసమితికి అందిన ఇస్తాంబుల్ ప్రోటోకాల్ మొత్తం నడిచేది ఈ పద్ధతి మీదే. ఎవరు కొట్టారో తేల్చే పని నీది కాదు.

చట్టం కూడా నీ వెనకే ఉంది. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 53వ సెక్షన్ చదువు. గాయాల గుర్తులూ అవి సుమారుగా ఎప్పుడు తగిలి ఉంటాయో రాయాలని, ఆ రిపోర్టు కాపీ అరెస్టయిన మనిషికి ఇవ్వాలని అందులో ఉంది. అవసరమనుకుంటే ఇంకోసారి పరీక్షించే అధికారమూ ఉంది. లోతు దెబ్బలు రెండో రోజుకి గానీ పైకి తేలవు కనక దాన్ని వాడుకో. ఆడవాళ్లని లేడీ డాక్టరు గానీ, ఆమె పర్యవేక్షణలో గానీ పరీక్షించాలి కాబట్టి వాళ్లు నీ దగ్గరికే వస్తారు. కస్టడీలో ఉన్నంత కాలం 48 గంటలకోసారి పరీక్ష జరగాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. అయినా 2020లో తమిళనాడులోని సాత్తాన్‌కుళంలో ఏమైంది? పోలీసు దెబ్బలకి ఒంట్లోంచి రక్తం కారుతున్న తండ్రీకొడుకులకి ఫిట్ సర్టిఫికెట్ వచ్చింది. రోజుల్లోనే ఇద్దరూ పోయారు.

దక్షిణాఫ్రికా సంగతి ఒకటి చెప్పాలి. 1977లో పోర్ట్ ఎలిజబెత్‌లో పోలీసుల దెబ్బలకి నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టీవ్ బికో తలలో గాయమైతే, ఐవర్ లాంగ్ అనే సర్కారీ డాక్టరు అసాధారణమైనదేమీ లేదని రాసిచ్చాడు. తర్వాత బికోని బట్టల్లేకుండా ల్యాండ్ రోవర్‌లో పడేసి వెయ్యి కిలోమీటర్లకి పైగా ప్రిటోరియాకి తోలారు. సెప్టెంబరు 12న చనిపోయాడు. ఎనిమిదేళ్ల తర్వాత అదే ఊళ్లో, అదే లాంగ్ కింద, వెండీ ఆర్ అనే అమ్మాయి ఉద్యోగంలో చేరింది, నీ ఈడుదే. డిటెన్యూల ఒంటి మీద రోజూ వాతలే. పైవాళ్లు పట్టించుకోలేదు. రాసుకున్న రికార్డులు పట్టుకుని 1985లో కోర్టుకెళ్లింది, ఖైదీల్ని కొట్టకూడదని కోర్టు పోలీసులకి ఉత్తర్వు ఇచ్చింది. ఆమెని ఖైదీల్ని చూసే పని నుంచి తప్పించారు, అదీ దాచకుండా చెబుతున్నాను. కానీ కోర్టులో నిలబడ్డది ఆమె ధైర్యం కంటే ఎక్కువగా ఆ రికార్డులే అని నా లెక్క.

నిన్ను ఎస్సైతో పోట్లాడమనడం లేదు. "మెడికోలీగల్ రిజిస్టర్లో ఎంట్రీ పడకుండా నేను సంతకం పెట్టను సార్" అని నవ్వుతూనే అనొచ్చు. రిమాండుకి పనికిరాడనిపిస్తే అడ్మిట్ చెయ్యి, కారణం రాయి. ఒంటరిగా మోయకు, రెసిడెంట్ మెడికల్ ఆఫీసరుకి రాతపూర్వకంగా తెలియజెయ్యి.

దసరాకి సెలవు దొరికితే రా, పెద్దమ్మ అరిసెలు చేస్తానంటోంది. దొరక్కపోయినా సరే. రాత్రి రెండింటికి ఎవరైనా కాయితం పట్టుకుని నీ ఎదుట నిలబడితే, ఏం రాయాలో తోచకపోతే, ఫోన్ చెయ్యి. నేనెలాగూ ఆ వేళకి మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
పెదనాన్న