ఎడారి నేలపై విమాన పరీక్షలు

'పరీక్ష' అను మాట వినగానే విద్యార్థులకు మార్చి నెల, హాల్ టిక్కెట్టు, ప్రశ్నపత్రము గుర్తుకు వచ్చుట సహజము. కాని ఆ మాటను విడదీసి చూచినచో దాని అసలు అర్థము తెలియును. 'పరి' అనగా చుట్టును. 'ఈక్ష' అనగా చూపు. ఒక వస్తువును అన్ని వైపుల నుండి చూచి, దాని బలమును, బలహీనతను ఉన్నదున్నట్లు తెలిసికొనుటయే పరీక్ష. ఉర్దూలో తరగతి పరీక్షను 'ఇమ్తెహాన్' అనియు, ఒక వస్తువును వాడి చూచుటను 'ఆజ్మాయిష్' అనియు అందురు. తెలుగులో రెండింటికిని ఒకే మాట చెల్లుచున్నది. ఈ వ్యాసమున మేము చెప్పబోవునది రెండవ దానిని గూర్చి. అందును మనిషి తన ప్రాణమును పణముగా పెట్టి చేయు విమాన పరీక్షలను గూర్చి.

ఈ విషయము మా వ్యాసరచన తరగతిలో పుట్టినది. తెలుగు మూలములు గల వ్యోమగామి రాజాచారిని గూర్చి వ్రాయుడని విద్యార్థులకు చెప్పియుంటిమి. ఆయన తండ్రి ఇంజనీరింగు చదువునకై హైదరాబాదు నుండి అమెరికా వెళ్ళి అక్కడనే స్థిరపడినవారు. రాజాచారి 1977లో మిల్వాకీ నగరమున జన్మించి, అయోవా రాష్ట్రమున పెరిగి, 1999లో అమెరికా వైమానిక దళ అకాడమీలో పట్టము పొంది, 2001లో ఎం.ఐ.టి.లో పై చదువు ముగించినారు. 2021 నవంబరులో నలుగురు సభ్యుల బృందమునకు నాయకులై అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు వెళ్ళి, 2022 మే నెలలో తిరిగి వచ్చినారు. మా విద్యార్థులందరును ఆ ఆరు నెలలను గూర్చియే వ్రాసినారు. 2017లో వ్యోమగామిగా ఎన్నికగుటకు ముందు ఆయన చేసిన ఉద్యోగమును ఎవరును పట్టించుకొనలేదు. ఆయన టెస్ట్ పైలట్. కాలిఫోర్నియా ఎడారిలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరమున 461వ విమాన పరీక్షా దళమునకు అధిపతిగా, ఎఫ్-35 యుద్ధ విమానముల పరీక్షలకు సంచాలకులుగా పనిచేసినారు. ఆ స్థావర చరిత్రను తరగతిలో చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి ఒక ప్రశ్న వేసినాడు. ఆ ప్రశ్నను చివర చెప్పుదుము. ముందు చరిత్ర చూతము.

తోక లేని పక్షి

తొమ్మిదవ శతాబ్దమున స్పెయిన్ దేశపు కొర్దోబా నగరమున అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ అను పండితుడు ఉండెడివాడు. ఆయన దేహమునకు ఈకలు కప్పుకొని, రెక్కలు కట్టుకొని ఎత్తైన చోటు నుండి ఎగిరినాడనియు, కొంత దూరము సాగిన పిదప నేలకు దిగునపుడు వెన్నునకు దెబ్బ తగిలినదనియు పదునేడవ శతాబ్దపు చరిత్రకారుడు అల్ మఖ్ఖరీ వ్రాసినాడు. దెబ్బ తగులుటకు ఆయన చెప్పిన కారణము గమనింపదగినది. పక్షి దిగునపుడు తోకను ఆధారము చేసికొనును. ఇబ్న్ ఫిర్నాస్ తోకను అమర్చుకొనుట మరచినాడు.

ఈ తోక మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. వేయి సంవత్సరములు దాటిన తరువాత, మానవుడు ధ్వనివేగమును అందుకొనబోయినపుడు చిక్కు వచ్చినది మరల తోక దగ్గరనే.

ఎండిన సరస్సు

కాలిఫోర్నియా రాష్ట్రపు దక్షిణ భాగమున మొహావి అను ఎడారి గలదు. అందులో రోజర్స్ సరస్సు అనునది పేరునకు సరస్సే గాని సంవత్సరములో అధిక భాగము చుక్క నీరుండదు. సుమారు 114 చదరపు కిలోమీటర్ల మేర అద్దము వలె చదునుగా, గట్టిగా ఉండు మట్టినేల అది. చలికాలపు వానలకు పలుచగా నీరు నిలుచును. గాలి ఆ నీటిని అటునిటు నెట్టి పగుళ్ళను పూడ్చును. ఎండ దానిని ఆరబెట్టును. మనుష్యులు వ్యయప్రయాసలతో చేయవలసిన మరమ్మతును అక్కడ ప్రకృతియే ఏటేట చేసిపెట్టుచున్నది. ఇంజను ఆగిన విమానము ఏ దిక్కున దిగినను చోటు దొరకును. ఆకాశము నిర్మలముగా ఉండును. ఊళ్ళు దూరముగా ఉండును. పరీక్షకు ఇంతకంటె అనువైన స్థలము అరుదు.

అక్కడ మొదట స్థిరపడిన కోరమ్ అను కుటుంబము వారి పేరును తిరగవేసి 'మురాక్' అని ఆ చోటికి పేరు పెట్టినారు. 1933లో సైన్యము వారు అక్కడ బాంబులు వేయుట అభ్యసించు మైదానమును ఏర్పరచినారు. 1942 అక్టోబరులో అమెరికా తొలి జెట్ విమానము ఎక్స్‌పి-59ఎ ఆ సరస్సు మీది నుండియే ఎగిరినది. అది యుద్ధకాలము. నేల మీద ఉన్నపుడు రహస్యము బయటపడకుండుటకు ఆ విమానపు ముక్కునకు చెక్కతో చేసిన ఉత్తుత్తి పంకాను తగిలించి ఉంచెడివారట.

ధ్వనివేగము

విమానము ధ్వనివేగమును సమీపించు కొలది దాని ముందున్న గాలి తప్పుకొనుటకు వ్యవధి చాలక ఒత్తుకొని గోడ వలె నిలుచును. విమానము కంపించును, చాలకుని చేతిలోని పట్టు సడలును. యుద్ధకాలమున వేగముగా క్రిందికి దూకిన విమానములు కొన్ని ఈ కారణముననే అదుపు తప్పినవి. ధ్వనివేగమును దాటుట అసాధ్యమని నమ్మినవారు ఆనాడు అనేకులు.

ఈ సంగతిని తేల్చుటకు బెల్ సంస్థ ఎక్స్-1 అను రాకెట్టు విమానమును నిర్మించినది. బి-29 అను పెద్ద విమానము దానిని పొట్ట క్రింద మోసికొనిపోయి ఆకాశమున జారవిడుచును. అప్పుడు రాకెట్టు వెలిగించవలెను. నడిపినవాడు 24 సంవత్సరముల చక్ యేగర్. ఆయన కళాశాల మెట్లు ఎక్కినవాడు కాడు. ఆయనకు తోడు జాక్ రిడ్లీ అను ఇంజనీరు. కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో ఉన్నత విద్య నేర్చినవాడు. ఒకనికి చేతి నేర్పు, మరొకనికి శాస్త్రజ్ఞానము. ఈ ఇద్దరి స్నేహమే ఆ పరీక్షకు ప్రాణము.

1947 ఆగస్టు నుండి ఒక్కొక్క ప్రయాణమున కొద్దికొద్దిగా వేగము పెంచుచు వచ్చినారు. ధ్వనివేగములో సుమారు 94 వంతుల వద్ద చిక్కు ఎదురైనది. యేగర్ పిడిని వెనుకకు లాగినను విమానము ముక్కు ఎత్తలేదు. తోకరెక్క వెనుక అంచున కదలు పలకకు బలము చాలలేదు. ఆయన ఇంజను ఆపి, సరస్సు మీద దిగి, జరిగినది జరిగినట్లు చెప్పినాడు. రిడ్లీ లెక్కలు వేసి ఒక ఉపాయము చెప్పినాడు: అంచు పలకకు బదులు తోకరెక్కనంతటిని కొద్దికొద్దిగా కదల్చవలెను. దానికి తగిన అమరిక ఆ విమానములో ముందే ఉన్నది. తక్కువ వేగమున దానిని వాడి చూచి, పనిచేయునని నిశ్చయించుకొన్న పిదపనే ముందుకు సాగినారు.

1947 అక్టోబరు 14న ఎక్స్-1 సుమారు 43,000 అడుగుల ఎత్తున గంటకు 1,127 కిలోమీటర్ల వేగమును అందుకొని, ధ్వనివేగమును నూటికి ఆరు పాళ్ళు మించిపోయినది. దీనికి రెండు రోజుల ముందు యేగర్ గుర్రము మీద నుండి పడి ప్రక్కటెముకలు విరుగగొట్టుకొన్నాడు. కుడిచేయి ఎత్తలేని స్థితిలో, రిడ్లీ కోసి ఇచ్చిన చీపురుకర్ర ముక్కతో తలుపు మూసికొన్నాడు. లోకమునకు ఈ చీపురుకర్ర కథయే ఎక్కువగా తెలిసినది. కాని మా దృష్టిలో ఆ విజయము అంతకు ముందే, పిడి పనిచేయలేదని ఉన్నదున్నట్లు చెప్పిన నాడే, సగము సిద్ధించినది.

పేరు వెనుక ఉన్న మరణము

1948 జూన్ 5న వైబి-49 అను తోక లేని బాంబర్ విమానము పరీక్షలో విరిగి కూలినది. ఐదుగురు మరణించినారు. వారిలో కెప్టెన్ గ్లెన్ ఎడ్వర్డ్స్ ఒకడు. 1949 డిసెంబరులో మురాక్ స్థావరమునకు ఆయన పేరు పెట్టినారు. 1951లో టెస్ట్ పైలట్ల శిక్షణ పాఠశాల అక్కడికి తరలివచ్చినది.

1956 సెప్టెంబరు 27న కెప్టెన్ మిల్బర్న్ ఆప్ట్ ఎక్స్-2 అను విమానమున ధ్వనివేగమునకు మూడు రెట్లను దాటిన తొలి మానవుడైనాడు. రాకెట్టు విమానమును నడుపుట ఆయనకు అదే మొదటి మారు. వేగము ఇంకను తగ్గకముందే విమానమును మళ్ళించుటచే అది బొంగరము వలె తిరిగి అదుపు తప్పినది. ఆయన ప్రాణములు దక్కలేదు. యేగర్ ఎనిమిది మారులు రాకెట్టుతో ఎగిరి, తొమ్మిదవ మారు దాటిన హద్దు ఒకటి. ఆప్ట్ మొదటి మారే దాటిన హద్దు మరొకటి. ధైర్యమున వీరిద్దరిలో ఎవరును తక్కువ కారు. మెట్ల సంఖ్యలో మాత్రము భేదమున్నది.

తరువాత వచ్చిన ఎక్స్-15 విమానములు మూడు, 1959 నుండి 1968 వరకు 199 మారులు ఎగిరినవి. 1963లో జో వాకర్ దాదాపు 108 కిలోమీటర్ల ఎత్తునకు చేరినాడు. 1967 అక్టోబరులో పీట్ నైట్ గంటకు సుమారు 7,270 కిలోమీటర్ల వేగమును సాధించినాడు. మరుసటి నెలలోనే మైఖేల్ ఆడమ్స్ అదే జాతి విమానమున మరణించినాడు. చంద్రునిపై అడుగిడిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడ ఎక్స్-15ను ఏడు మారులు నడిపినవాడే. 1981 ఏప్రిల్ 14న అంతరిక్షము నుండి తొలిసారి తిరిగివచ్చిన కొలంబియా వాహనము దిగినది ఆ ఎండిన సరస్సు మీదనే.

మన దేశమున

మన దేశమున ఇట్టి పరీక్షలకు బెంగుళూరు ముఖ్య కేంద్రము. 1961 జూన్ 17న మన హెచ్.ఎఫ్-24 'మారుత్' యుద్ధ విమానమును తొలిగా నడిపినవారు సురంజన్ దాస్. 1970 జనవరి 10న అదే విమానపు మరొక రూపమును పరీక్షించుచు ఆయన మరణించినారు. బెంగుళూరులో ఒక రహదారికి ఆయన పేరున్నది. హైదరాబాదులో చదువుకొన్న రాకేశ్ శర్మ 1984లో అంతరిక్షమునకు వెళ్ళివచ్చిన తరువాత హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థలో టెస్ట్ పైలట్‌గా అనేక సంవత్సరములు పనిచేసినారు. కోట హరినారాయణ నాయకత్వమున రూపొందిన తేలికపాటి యుద్ధ విమానము 'తేజస్' 2001 జనవరి 4న రాజీవ్ కొఠియాల్ చేతిలో తొలిగా ఎగిరినది.

"నిదానమే ప్రధానము" అని ఒక సామెత. "ఆలస్యము అమృతము విషము" అని మరొక సామెత. టెస్ట్ పైలట్ జీవితము ఈ రెండింటి నడుమ నడుచును. ఎంత వేగమున ఎగిరినను, ఒక హద్దు నుండి మరొక హద్దునకు మాత్రము నిదానముగానే పోవలెను.

సర్దార్

ఇక విద్యార్థి ప్రశ్న. ఎడ్వర్డ్స్ పేరు కథ విని ఆ అబ్బాయి లేచి, "సార్, మా అబ్బా సుత రోజూ గదే పని జేస్తడు. గాయన పేరు యాడ పెడ్తరు?" అని అడిగినాడు. తరగతి నవ్వినది. మేము నవ్వలేకపోతిమి. అతని తండ్రి గనిలో మైనింగ్ సర్దార్.

'సర్దార్' పారసీ పదము. 'సర్' అనగా తల, 'దార్' అనగా కలవాడు. షిఫ్టు వారు పని చోటికి చేరకముందే సర్దార్ అక్కడికి వెళ్ళవలెను. కర్రతో పైకప్పును తట్టి చూచును. గట్టి బండ ఖంగుమనును; విడివడిన బండ బొంగురుగా పలుకును. దీపపు జ్వాలను తగ్గించి చూచును. మీథేన్ వాయువు ఉన్నచో జ్వాల మీద నీలిరంగు టోపీ వంటిది కనబడును. నేడు మీటర్లు వచ్చినను చూడవలసిన మనిషి మారలేదు. చూచినదంతయు పుస్తకమున వ్రాసి సంతకము చేయును. ఆ సంతకము మీద నమ్మకముతోనే తక్కినవారు లోనికి నడుతురు.

తరువాత ఒకనాడు మేము ఆ తండ్రిని కలిసితిమి. మాటల మీద ఆయన ఒక పాత సంగతి చెప్పినాడు. ఒక రాత్రి ఒకచోట పైకప్పు బొంగురుగా పలికినదని ఆయన కంచె కట్టించి, పుస్తకమున వ్రాసినాడు. పని ఆగినది. తోటివారు విసుగుకొన్నారు. మరునాడు ఆధారములు నిలిపి పని సాగించినారు. ఆ కప్పు కూలనే లేదు. చాల దినములు ఆయనను ఎగతాళి చేసినారట. "మీకు బాధ కలుగలేదా?" అని అడిగితిమి. "కూలకపోయినా నేను రాసింది తప్పు గాదు సార్. బొంగురుగ పలికింది, బొంగురు అని రాసిన" అని ఆయన జవాబు.

మురాక్ సరస్సు మీద దిగి, పిడి పనిచేయలేదని చెప్పిన యేగర్ మాటకును, ఈ మాటకును మాకు భేదము కనబడలేదు. కూలని కప్పునకు వార్త లేదు. జరుగని ప్రమాదమునకు స్మారకము లేదు. అయినను మన ప్రాంతమున ఎందరి ఇండ్లలోనో సాయంత్రము దీపము వెలుగుచున్నదన్నచో, దాని వెనుక అట్టి సంతకము ఒకటి ఉన్నది.

ఆ విద్యార్థికి ఆనాడు మేము సమాధానము చెప్పలేకపోతిమి. ఈనాడు చెప్పగలిగినది ఇంతే. నాయనా, మీ అబ్బా పేరు ఏ స్థావరమునకును పెట్టకపోవచ్చును. కాని ప్రతి షిఫ్టునకు ఆ పుస్తకములో ఆయన పేరు ఆయన చేతితోనే వ్రాయబడుచున్నది. నీవు రేపు ఇంజనీరువైనను, పైలట్‌వైనను, గుమాస్తావైనను ఏదో ఒక కాగితము క్రింద సంతకము చేయవలసి వచ్చును. అప్పుడు బొంగురుగా పలికిన దానిని బొంగురు అని వ్రాయుము. ఆ పరీక్షకు హాల్ టిక్కెట్టు ఉండదు. తేదీని కూడ ఎవరును ముందుగా ప్రకటింపరు.